మ్యూజియంలో ఎలక్ట్రానిక్ కలం

న్యూయార్కులోని కూపర్ హ్యూవిట్ డిజైన్ మ్యూజియం 2015లో సందర్శకుల చేతికి ఒక ఎలక్ట్రానిక్ కలాన్ని ఇచ్చింది. నచ్చిన వస్తువు పక్కనున్న చీటీకి కలం వెనుక కొనను ఆనిస్తే ఆ వస్తువు సంఖ్య కలంలో నమోదయ్యేది. ఇంటికి వెళ్ళాక, టిక్కెట్టుపై ఉన్న సంకేతంతో ఆ వస్తువులను ఇంటర్నెట్టులో మళ్ళీ చూసుకొనే ఏర్పాటు ఇది.

ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. చీటీలోని చిప్పుకు బ్యాటరీ అక్కరలేదు. కలం పుట్టించే అయస్కాంత క్షేత్రం క్షణక్షణం మారుతూ చీటీలోని తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది.

ఈ పథకంలో మెచ్చదగిన గుణమొకటి ఉన్నది: చూసేవాని దృష్టి తెరకు అంటుకొనక వస్తువుపైనే నిలుస్తుంది. కాని కలం తయారుకావడంతో పని ముగియదు. బ్యాటరీలు మార్చవలెను, చేతులు మారిన కలాలను శుభ్రపరచవలెను, సందర్శకులు సేకరించినదంతా దాచిన వెబ్‌సైటును ఏళ్ళ తరబడి నడపవలెను. అది ఆగిననాడు ఆ టిక్కెట్టు వట్టి కాగితమే. ప్రారంభోత్సవానికి పెట్టే శ్రద్ధ పోషణకు పెట్టని పథకం సగం పథకమే అనవలెను.

విద్యార్థులను మ్యూజియానికి తీసుకొనిపోయే ఉపాధ్యాయులు అక్కడ యంత్రాలెన్ని ఉన్నవో లెక్కించనక్కరలేదు. అవి పనిచేస్తున్నవా, వస్తువును చూపుతున్నవా, మరుగుపరుస్తున్నవా అని పరిశీలింపజేస్తే చాలును.