ఇంజిన్‌కు మంచి గాలి అందించే పనితనం

దాళ్వా కోతల్లో మండపేట, తణుకు వైపు పొలాల్లో దుమ్ము, వరి నుసి కళ్లు తెరవనివ్వవు. ఆ దుమ్ములో ట్రాక్టర్ రోజంతా ఆగకుండా తిరుగుతోందంటే ఆ ఘనతలో సగం షెడ్డు మెకానిక్‌దే.

చాలా ట్రాక్టర్లకు గాలి పీల్చే గొట్టం బానెట్ మీదకు లేచి ఉంటుంది. అక్కడ దుమ్ము తక్కువ, ఇంజిన్ వేడీ తగలదు. 35 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత 7–8 శాతం పడిపోతుంది. ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది. అమెరికాలో 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ కార్లలో కొన్నింటికి బానెట్ వెనక అంచున తెరుచుకునే మూత పెట్టింది కూడా చల్లగాలి కోసమే.

ఆ గొట్టంలోకి వచ్చిన దుమ్మును గిన్నెలోని ఆయిల్‌తో పట్టి ఆపేది పాత ట్రాక్టర్‌కున్న ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. దాన్ని మెకానిక్ విప్పేటప్పుడు దగ్గరుండి చూడాలి. క్లిప్పులు తీసి గిన్నె దించుతాడు. అడుగున పేరుకున్న మడ్డిని వేలితో తీసి చూస్తాడు. డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ సరిగ్గా గీత వరకే పోస్తాడు. తగ్గితే దుమ్ము ఆగదు, ఎక్కువైతే ఆయిల్‌ని ఇంజిన్ లాగేస్తుంది. తర్వాత క్లీనర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంచి పగుళ్లు వెతుకుతాడు. అక్కడ వెంట్రుకంత సందున్నా దుమ్ము సిలిండర్‌లోకి పోయి లైనర్‌నీ రింగుల్నీ అరగదీస్తుంది.

“కోతలయ్యేదాకా రోజూ గిన్నె విప్పి చూసుకోండి బాబుగారూ” అని రైతుకు మరీ మరీ చెప్పి పంపుతాడు.

బిల్లులో ఈ పనికి పడేది చిన్న మొత్తమే. అది తప్పించేది మాత్రం ఇంజిన్ రిపేరుకయ్యే పెద్ద ఖర్చు. ఆ శ్రద్ధకు తగిన కూలి, తగిన గౌరవం రెండూ దక్కాలి.