రొద చొరబడే చోటు

కేబుల్ ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చినవాళ్లలో, సంచిలోంచి ముందు స్పానర్ తీసేవాళ్ల మీదే నాకు గురి. ఫిల్టర్ సంగతి తర్వాత.

హైదరాబాద్ ఎర్రగడ్డ సందుల్లో తలెత్తితే కరెంటు స్తంభాలకు నల్ల కేబుళ్లు కట్టలు కట్టలుగా వేలాడుతుంటాయి. లోపలి తీగ చుట్టూ ఉన్న రేకు, లోహపు అల్లిక చెక్కుచెదరనంత కాలం బయటి రొద లోపలికి రాదు. తెగినచోట మెలేసి టేపు చుట్టారా, ఆ జాయింటే ఏరియల్ అవుతుంది. సండే మార్కెట్లో చవగ్గా దొరికిన పాత స్ప్లిటర్ తగిలించినా అంతే.

చిక్కంతా తిరుగు దారిలో ఉంది. మోడెమ్ నుంచి కంట్రోల్ రూముకు వెళ్లే సిగ్నల్‌కు పాత నెట్‌వర్కుల్లో దక్కింది 5 నుంచి 42 మెగాహెర్ట్జ్, కొన్నిచోట్ల 65 దాకా. షార్ట్‌వేవ్, హామ్ రేడియోలూ అక్కడే. మిక్సీలు, వెల్డింగ్ మెషీన్ల రొదా ఆ పరిధి కింది భాగంలోనే ఎక్కువ. పక్కనే సనత్‌నగర్ పారిశ్రామికవాడ. పైగా వందల ఇళ్ల రొద పైకెళ్తూ ఒకేచోట పోగవుతుంది. ఒక్క ఇంట్లో కనెక్టర్ వదులైతే వీధి మొత్తానికీ అప్‌లోడ్ దెబ్బతింటుంది. 64-క్వామ్ పద్ధతిలో ఒక్కో సంకేతానికి 6 బిట్లు పంపే లైన్‌ను క్యూపీఎస్‌కేకి దించి, 2 బిట్లతో నెట్టుకురావాలి.

టీవీ మాత్రమే ఉన్న ఇంటికి, ఈ కింది ఫ్రీక్వెన్సీలను ఆపే హైపాస్ ఫిల్టర్ బిగిస్తే ఆ ఇంటి రొద ఆగుతుంది, మంచిదే. మోడెమ్ ఉన్న ఇంటికి బిగిస్తే మోడెమ్ సిగ్నలే పైకి పోదు. కంట్రోల్ రూములో మోడెమ్‌ల సిగ్నల్ అందుకునే సీఎంటీఎస్ యంత్రం సన్నటి రేడియో రొదను కొంత తీసేయగలదు గానీ, వెల్డింగ్ రవ్వల్లా ఉన్నట్టుండి విరుచుకుపడే రొద దానికీ లొంగదు.

కాబట్టి వెతకాలి. అసలు పనితనం ఇక్కడే. ఒకరు కంట్రోల్ రూములో స్పెక్ట్రమ్ అనలైజర్ చూస్తూ ఫోన్లో ఉంటారు, ఇంకొకరు స్తంభం దగ్గర ఒక్కో లైను విప్పుతారు. రొద గీత దిగిందంటే తప్పు ఆ వైపే ఉన్నట్టు. మళ్లీ బిగించి, ఇళ్లకు లైన్లు చీలే తర్వాతి ట్యాప్ దాకా నడక. విప్పినప్పుడల్లా ఎవరింట్లోనో నెట్ పోతుంది. తెల్లవారుజామున చేద్దామంటే మోటార్లు ఆగి ఉంటాయి, వెతకడానికి రొదే ఉండదు. అందరూ నెట్ మీదున్న సాయంత్రమే తిరగాలి, తిట్లు తినాలి.

ఫైబర్ వచ్చిన ఇళ్లకు ఈ బెడద లేదు, గాజుపోగులోని వెలుగును మిక్సీ చెడగొట్టలేదు. పాత కేబుల్ మిగిలిన వీధులకైనా ఆపరేటర్లు ఒకటి చేయాలి: రోజుకు ఎన్ని కంప్లైంట్లు మూశారని కాకుండా, తుప్పు కనెక్టర్లు మార్చడానికి, ఖాళీ పోర్టులకు 75 ఓమ్ టెర్మినేటర్లు బిగించడానికి పట్టిన గంటలకు కూలి కట్టాలి.