పది సెకన్ల పనితనం

100 ఎంబీపీఎస్ పోర్టుకు లాన్ కేబుల్‌తో తగిలించిన కంప్యూటర్‌లో స్పీడ్ టెస్ట్ నడిపితే తెర మీద 100 రాదు. అంకె 94 దగ్గర ఆగుతుంది. గిగాబిట్ పోర్టయితే 940 దగ్గర. మిగతా ఆరు శాతం కనెక్షన్ ఇచ్చినవాళ్లు నొక్కేశారని చాలామందికి అనుమానం. ఆ 94 ఎంత కచ్చితమైన అంకో తెలియాలంటే ఒక్క ప్యాకెట్‌ను దగ్గరగా పెట్టుకుని చూడాలి. ఇంటి నెట్‌లో నిండు ప్యాకెట్ అంటే 1500 బైట్లు. ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో రాసుకోవడానికి ఐపీ 20 బైట్లు తీసుకుంటుంది. వరస నంబర్లకూ రసీదులకూ టీసీపీ మరో 20, పంపిన సమయం గుర్తుకు ఇంకో 12. మన డేటాకు మిగిలేది 1448. తీగ మీదికి ఎక్కేటప్పుడు ఈథర్నెట్ తన వంతుగా 38 బైట్ల చోటు అడుగుతుంది: ముందుగా పంపే హెచ్చరిక సంకేతానికి 8, చిరునామాల పట్టీకి 14, తప్పులు పట్టే అంకెకు 4, తర్వాతి ప్యాకెట్‌కు ముందు వదలాల్సిన ఖాళీకి 12. అంటే 1538 బైట్లు పట్టే కాలం ఖర్చయితే చేతికందేది 1448 బైట్లు. భాగిస్తే 94.1 శాతం.

టెస్ట్ రాసినవాళ్లు ఈ భాగహారం చేసి అంకె తగ్గించి చూపరు. అందిన బైట్లను లెక్కపెట్టి, పట్టిన కాలంతో భాగిస్తారు. అలా విడిగా కొలిచిన అంకె, కాగితం మీద వేసిన లెక్కతో ఇంత దగ్గరగా కలిసిందంటే మధ్యలో బ్రౌజర్ గానీ, సర్వర్ గానీ, కోడ్ గానీ ఎక్కడా తడబడలేదన్నమాట. ఇంట్లో దీనికో ఉపయోగం కూడా ఉంది. 300 ప్లాన్ తీసుకున్నా ఎప్పుడు కొలిచినా 94 దాటడం లేదంటే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసే ముందు కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి. అందులో ఒకటి తెగితే పోర్టు 100కి దిగిపోవచ్చు. కేబుల్ బాగానే ఉంటే రూటర్ పోర్టే 100ది కావచ్చు.

స్పీడ్ టెస్టుల్లో నాకు బాగా నచ్చింది ఎన్‌డీటీ. గూగుల్‌లో స్పీడ్ టెస్ట్ అని వెతికితే ఏళ్లుగా పైన కనిపిస్తూ వచ్చిన బటన్ వెనక నడిచేది ఇదే. నొక్కినవాళ్లలో పేరు తెలిసినవాళ్లు తక్కువ. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రిచ్ కార్ల్‌సన్ దీన్ని తయారుచేశారు, తర్వాత ఇంటర్నెట్2 సంస్థలో పెరిగింది. విశ్వవిద్యాలయాల మధ్య ఖరీదైన లైన్లు వేసినా ఫైళ్లు నత్తనడక నడిచేవి. లోపం కేబుల్‌లో ఉందా, స్విచ్ అమరికలో ఉందా, కంప్యూటర్‌లోనే ఉందా అని తేల్చడం దాని పని. 2009 జనవరిలో న్యూ అమెరికాకు చెందిన ఓపెన్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్, ప్లానెట్‌ల్యాబ్, గూగుల్, కొందరు పరిశోధకులు కలిసి మెజర్‌మెంట్ ల్యాబ్‌ను, అంటే ఎం-ల్యాబ్‌ను మొదలుపెట్టినప్పుడు ఎన్‌డీటీ అక్కడికి చేరింది. ఇప్పటి రూపం పేరు ఎన్‌డీటీ7. డౌన్‌లోడ్‌కు పది సెకన్లు, అప్‌లోడ్‌కు పది సెకన్లు. దాని పనితనమంతా ఆ పది సెకన్లను ఎలా వాడుకుందన్న దాంట్లోనే ఉంది.

మొదటి సెకను కథ 1986 అక్టోబరులో మొదలైంది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ లైన్‌లో వేగం ఉన్నట్టుండి సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అందరూ ఒక్కసారిగా తోసేయడంతో లైన్ ఊపిరాడక కూలింది. దాన్ని చూసి పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988లో ప్రకటించిన పద్ధతే నేటికీ నెట్‌ను నిలబెడుతోంది: ఏ కనెక్షనయినా కొద్దిగా మొదలుపెట్టాలి, రసీదులు వచ్చేకొద్దీ రెట్టింపు చేసుకుంటూ పోవాలి, ప్యాకెట్ పోతే తగ్గాలి. ఇప్పుడు ఆ మొదలు సుమారు 10 ప్యాకెట్లు, అంటే దాదాపు 14.5 కిలోబైట్లు. సర్వర్ దగ్గరగా ఉండి రానూపోనూ 20 మిల్లీసెకన్లే పడితే, 100 ఎంబీపీఎస్ లైన్ నిండడానికి ఐదు రెట్టింపులు చాలు. సెకనులో పదో వంతులో పని అయిపోతుంది. డాలస్‌లో ఉన్న అమ్మాయి హైదరాబాద్ సర్వర్‌తో కొలిచిందనుకోండి. రానూపోనూ 250 మిల్లీసెకన్లు వేసుకుంటే ఎనిమిది రెట్టింపులు కావాలి, వాటికి రెండు సెకన్లు కావాలి. మిగతా ఎనిమిది సెకన్లూ లైన్ నిండుగా నడిచినా పది సెకన్ల సగటు 83 దాటదు. లైన్‌లో దోషం లేదు, టెస్ట్‌లోనూ దోషం లేదు. దూరం తన సుంకం తీసుకుంది.

ఈ తొలి క్షణాలను ఏం చేయాలన్న దగ్గరే టెస్టులు వేరుపడతాయి. ఊక్లా వాళ్ల స్పీడ్‌టెస్ట్ 2006 నుంచి ఉంది. దాని పాత పద్ధతి తెలిసిందే: ఒకేసారి పలు కనెక్షన్లు తెరిచి, సెకనుకు 30 సార్ల వరకు వేగం చూసి, వాటిని 20 ముక్కలుగా పేర్చి, అన్నిటికంటే వేగమైన పదో వంతునూ, నెమ్మదైన 30 శాతాన్నీ తీసేసి, మిగిలిన వాటి సగటు చూపేది. నెమ్మదైన ముక్కల్లో మొదటి సెకన్ల ఎగబాకుడు పోతుంది, వేగమైన వాటిలో అబద్ధపు పొంగు పోతుంది. ఈ లైన్ ఎంత మోయగలదు అన్న ప్రశ్నకు అది చక్కటి పనితనం. ఎన్‌డీటీ ఏదీ తీసేయదు. ఒక్క కనెక్షన్ తెరుస్తుంది, తొలి బైటు నుంచి చివరి బైటు దాకా లెక్కిస్తుంది. మామూలు మనిషి ఫైలు దించుకునేటప్పుడు ఒక్క కనెక్షన్‌కు ఈ దారిలో ఏం దక్కుతుందన్నది దాని ప్రశ్న. ఒకే ఇంట్లో రెండూ నడిపి రెండంకెలు తేడాగా వస్తే ఒకటి తప్పనడం తొందరపాటు. రెండూ ఒప్పే కావచ్చు.

ఒక్క కనెక్షనే ఎందుకు అంత సున్నితమో 1997లో మాట్ మేథిస్, సహచరులు ఒక చిన్న సూత్రంలో చూపించారు. ఆనాటి టీసీపీ వేగం రానూపోనూ కాలానికి విలోమంగా, పోయిన ప్యాకెట్ల నిష్పత్తి వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. పది వేలలో ఒక్క ప్యాకెట్ పోయే లైన్‌లో 20 మిల్లీసెకన్ల దూరానికి లెక్కేస్తే 70 ఎంబీపీఎస్ వస్తుంది. అదే నష్టం 200 మిల్లీసెకన్ల దూరంలో ఉంటే 7. పది వేలకు ఒకటి అంటే మన కంటికి నష్టమే కాదు, టీసీపీకి మాత్రం పెద్ద దెబ్బ. ఆ మేథిస్ గారే తర్వాత టీసీపీ లోపలి లెక్కలు బయటపెట్టే వెబ్100 పనిలోనూ, ఎం-ల్యాబ్ పనిలోనూ ముఖ్యులయ్యారు. ఎన్‌డీటీ7 సర్వర్లలో వీలున్న చోట బీబీఆర్ వాడతారు. 2016లో గూగుల్ నుంచి వచ్చిన ఆ పద్ధతి ఒక ప్యాకెట్ పోగానే భయపడి సగానికి తగ్గదు, దారి ఎంత మోస్తోందో చూసుకుంటూ పోతుంది. ఇక్కడో మెలిక గుర్తుంచుకోవాలి. డౌన్‌లోడ్‌లో పంపేది సర్వర్ కాబట్టి బీబీఆర్ నడుస్తుంది. అప్‌లోడ్‌లో పంపేది మన కంప్యూటర్, అందులో ఏ పద్ధతి ఉంటే అదే. రెండు అంకెలూ పక్కపక్కన కనిపించినా రెండు వేర్వేరు చేతులు కొలిచినవి.

ఇక చిన్న చిన్న జాగ్రత్తలు. పంపే డేటా యాదృచ్ఛికంగా ఉండాలన్నారు. ఒకే అక్షరం వరసగా పంపితే దారిలో ఎవరైనా కుదించి వేగం ఎక్కువగా చూపే ప్రమాదం ఉంది. డేటా సందేశాలుగా పోతుంది; ఒక్కో సందేశం పరిమాణం 8 కిలోబైట్లతో మొదలై, అప్పటిదాకా పంపిన మొత్తంలో పదహారో వంతుకు మించకుండా పెరుగుతూ, 16 మెగాబైట్ల దాకా పోగలదు. నెమ్మది లైన్‌లో పెద్ద సందేశం ఇరుక్కుని పది సెకన్లూ మింగేయకూడదు, వేగపు లైన్‌లో చిల్లర సందేశాలతో ప్రాసెసర్ అలిసిపోకూడదు. ఒక్క నియమం రెండు బాధలనూ తీర్చింది.

సర్వర్ మధ్యమధ్యలో చూసుకునే తీరు మరీ ముచ్చటగా ఉంటుంది. సగటున పావు సెకనుకోసారి కనెక్షన్ స్థితిని రాసుకుంటుంది, కానీ కచ్చితంగా పావు సెకనుకు కాదు. ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా, ఎప్పుడో చెప్పలేనట్టు. ప్రతి సోమవారం పదింటికే తనిఖీకొచ్చే అధికారికి బడి ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. వైఫైలోనూ మొబైల్ నెట్‌లోనూ క్రమంగా వచ్చిపోయే ఆటుపోట్లు ఉంటాయి, కొలత కూడా అదే క్రమంలో నడిస్తే ఎప్పుడూ పోటు దగ్గరో ఆటు దగ్గరో కన్ను పడుతుంది. తెర మీద అంకె చూసుకుని వెళ్లిపోయేవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అయినా శ్రద్ధగా చేశారు.

అలా రాసుకునేదాంట్లో ఏముంటుందో చూస్తే గౌరవం పెరుగుతుంది. లినక్స్ కెర్నెల్ ప్రతి టీసీపీ కనెక్షన్‌కూ ఒక చిట్టా పెట్టుకుంటుంది. ఎన్ని బైట్లు మళ్లీ పంపాల్సి వచ్చింది, రానూపోనూ అతి తక్కువ కాలమెంత, పంపేవైపు చోటు చాలక ఎంతసేపు ఆగింది, పుచ్చుకునేవైపు చోటు చాలక ఎంతసేపు ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. ఎన్‌డీటీ7 ఆ చిట్టాను యథాతథంగా దాస్తుంది. 2010లో ఎంఐటీకి చెందిన స్టీవ్ బవర్, డేవిడ్ క్లార్క్, విలియం లెహర్ స్పీడ్ టెస్టులను నిశితంగా పరిశీలించినప్పుడు చాలా చోట్ల అడ్డం పడింది లైన్ కాదనీ, పాత కంప్యూటర్లు డేటా పుచ్చుకోవడానికి తెరిచే కిటికీ చిన్నదనీ చూపగలిగింది ఇలాంటి వివరాల వల్లే. ఆ కిటికీ 64 కిలోబైట్లయితే 50 మిల్లీసెకన్ల దూరంలో ఎంత మంచి లైన్ వేసినా సుమారు 10 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. సగటు అంకె ఒక్కటే దాచి ఉంటే కంపెనీలను తిట్టుకోవడంతో సరిపోయేది. ఎం-ల్యాబ్ ఈ ఫలితాలన్నీ బహిరంగంగా ఉంచుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. టెస్ట్ చేసినవాళ్ల ఐపీ చిరునామా కూడా అందులో ఉంటుంది. బటన్ దగ్గర ఆ మాట రాసే ఉంటుంది, చదివి నొక్కండి.

సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించి చేసిన పనే. మనకు నెట్ ఇచ్చే కంపెనీ లోపలే ఉన్న సర్వర్‌తో కొలిస్తే ఇంటి నుంచి కంపెనీ దాకా ఉన్న దారే తెలుస్తుంది. ఎం-ల్యాబ్ తన సర్వర్లను వేర్వేరు కంపెనీల నెట్‌వర్కులు కలుసుకునే చోట్ల పెడుతుంది. కాబట్టి హైదరాబాద్‌లో నొక్కినా విజయవాడలో నొక్కినా సాధారణంగా పరీక్ష చెన్నై, ముంబై లాంటి కూడళ్ల దాకా వెళ్లొస్తుంది. రాత్రి తొమ్మిదింటికి సినిమా ఆగి ఆగి వస్తుంటే ఇరుకు ఆ కూడళ్లలో ఉండొచ్చు. 2016లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ఫాస్ట్.కామ్‌ది ఇంకో తెలివి: సినిమాలు పంపే సర్వర్ల నుంచే పరీక్ష డేటా పంపుతారు. టెస్ట్‌కు మాత్రం దారి ఖాళీ చేసి, సినిమాకు బిగిద్దామన్నా కంపెనీకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఎన్‌డీటీ7 చేయి అందని చోటు ఒకటుంది. ఇంట్లో ఎవరో పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే వీడియో కాల్ తడబడుతుంది, స్పీడ్ టెస్ట్ మాత్రం 200 చూపిస్తుంది. రూటర్లోనో మోడెమ్‌లోనో ప్యాకెట్లు బారులు తీరి, 20 మిల్లీసెకన్ల రానూపోనూ కాలం వందలకు పెరగడం దీనికి కారణం. బీబీఆర్‌ను వరస పేరకుండా చూసుకునేలా కట్టారు కాబట్టి, దాంతో నడిచే డౌన్‌లోడ్ పరీక్ష ఈ జబ్బును పూర్తిగా బయటపెట్టదు. అందుకు ఫాస్ట్.కామ్‌లో వివరాలు తెరిచి, లోడ్ లేనప్పటి లేటెన్సీనీ లోడ్ ఉన్నప్పటి లేటెన్సీనీ పక్కపక్కన చూడాలి. క్లౌడ్‌ఫ్లేర్ టెస్టూ దాన్ని చూపుతుంది. తేడా పెద్దదిగా ఉంటే ప్లాన్ పెంచడం కంటే ముందు రూటర్ సెట్టింగుల్లో క్యూ నియంత్రణ ఉందేమో వెతకండి. 2012లో క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి కోడెల్ అనే క్యూ పద్ధతిని ఇచ్చింది కూడా ఆ వాన్ జేకబ్సనే. రూటర్‌లో క్యూ నియంత్రణ ఉంటే లైన్ వేగానికి కాస్త తక్కువ హద్దు పెట్టి మళ్లీ కొలవండి. 200 కాస్తా 185 అవుతుంది, కాల్ మాత్రం తెగదు.