రాగోలు ఐసీయూలో మొదలయ్యే ఆపరేషన్

శ్రీకాకుళం జిల్లాలో అవయవ మార్పిడి అంటే అందరికీ ముందు తట్టేది కిడ్నీయే. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం పల్లెల్లో బడి ముఖం చూడని ముసలమ్మ కూడా తన క్రియాటినిన్ ఎంతుందో చెప్పగలదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైంది. అదే జిల్లాలో, పక్కనున్న విజయనగరంలో ఆయాసంతో మంచం పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. ఊపిరితిత్తులు కూడా మార్చవచ్చన్న సంగతి వాళ్ల గడప దాకా చేరలేదు.

ఆయాసానికి ఈ నేల మీద కారణాలకు కొదవ లేదు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల రాతిదుమ్ము, విజయనగరం జిల్లా జనపనార మిల్లుల్లో ఎగిరే నూగు, కట్టెల పొయ్యి ముందు ఏళ్ల తరబడి గడిపిన ఆడవాళ్లు పీల్చిన పొగ. వీటికి తోడు అడ్డపొగ. చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు మీద 1960లలోనే పెద్ద పరిశోధన జరిగింది. టాటా పరిశోధన సంస్థ వాళ్లు, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 10,169 మందిని పరీక్షించారు. వాళ్లు చూసింది అంగిలి మీది మచ్చలనూ పుండ్లనూ. ఛాతీలో ఏం జరుగుతోందన్నది వేరే కథ.

కిడ్నీ పోతే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌తో ఏళ్లు నెట్టుకు రావచ్చు. ఊపిరితిత్తులకు అలాంటి ఆసరా లేదు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టుకుంటే గాలిలో ప్రాణవాయువు పెరుగుతుంది తప్ప, గట్టిపడిపోయిన ఊపిరితిత్తి మెత్తబడదు. రక్తానికి శరీరం బయటే ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో యంత్రం ఉంది కానీ అది కొన్ని రోజులకో వారాలకో సరిపడే సాయం. ఊపిరితిత్తులు పీచుకట్టిపోయే ఐఎల్‌డీ రోగుల్లో మందులకు లొంగని దశ వచ్చాక మిగిలే దారి మార్పిడి ఒక్కటే. మన దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకునేవారిలో ఎక్కువమంది ఈ జబ్బువాళ్లే.

ఆ దారి కూడా తేలిగ్గా తెరుచుకోలేదు. 1963 జూన్‌లో అమెరికాలోని మిసిసిపీలో జేమ్స్ హార్డీ తొలిసారి మనిషికి ఊపిరితిత్తి మార్చాడు. రోగి 18 రోజులు బతికాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు దేశదేశాల సర్జన్లు ప్రయత్నించి ఓడిపోతూనే వచ్చారు. చిక్కంతా శ్వాసనాళం కుట్టు దగ్గర ఉంది. దాత ఊపిరితిత్తిని కలిపేటప్పుడు శ్వాసనాళం, పుపుస ధమని, సిరలు కుడతారు. శ్వాసనాళం గోడకు రక్తమందించే సన్నటి ధమనులను మాత్రం మామూలుగా కలపరు. రక్తం చాలక కుట్టు మానదు, ఊడిపోతుంది. అప్పట్లో వాడిన ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఆ మానడాన్ని ఇంకా అడ్డుకుంటున్నాయని టొరంటోలో జోయెల్ కూపర్ బృందం కనిపెట్టింది. తిరస్కరణను ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చి స్టెరాయిడ్ తగ్గించుకునే వీలు కలిగింది. 1983లో ఒక ఊపిరితిత్తి, 1986లో రెండూ మార్చి కూపర్ రోగులను ఇంటికి పంపగలిగాడు.

తెలుగు నేల మీద ఈ విద్యకు ఇప్పుడు పేరున్న చోటు హైదరాబాద్. 2020 సెప్టెంబర్‌లో, కొవిడ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, సికింద్రాబాద్ కిమ్స్‌లో డాక్టర్ సందీప్ అత్తావర్ బృందం చండీగఢ్ నుంచి వచ్చిన రోగికి రెండు ఊపిరితిత్తులూ మార్చింది. దాత కోల్‌కతాలో ఉన్నాడు. మూడు నగరాలు ఒక్క మనిషి శ్వాస కోసం కలిశాయి. సికింద్రాబాద్ సర్జన్ల నేర్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే ఆ కోల్‌కతా ఐసీయూలో ఎవరో నర్సులు, డాక్టర్లు ఆ ఊపిరితిత్తులను కాపాడి ఉంచకపోతే సికింద్రాబాద్‌లో కుట్టడానికి ఏముంటుంది? అలాంటివాళ్ల పేర్లు వార్తల్లో కనిపించడం అరుదు.

అసలు పని అక్కడే ఉంది. బ్రెయిన్ డెత్ అయిన దాతల్లో కిడ్నీలు, కాలేయం పనికొచ్చినంతగా ఊపిరితిత్తులు పనికిరావు. ప్రపంచవ్యాప్తంగా నూటికి పదిహేను, ఇరవై మంది దాతల దగ్గరే అవి వాడదగ్గ స్థితిలో దొరుకుతాయి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినప్పుడు కడుపులోది పొరబోయి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. వెంటిలేటర్ మీద న్యుమోనియా పట్టుకుంటుంది. బీపీ నిలబెట్టాలని ఎక్కించిన సెలైన్ ఊపిరితిత్తుల్లో నీరై నిలుస్తుంది.

వీటిలో చాలావాటిని ఆపవచ్చు. ఇటలీ డాక్టర్లు ముందుండి చేసిన ఒక పరిశోధన 2010లో వచ్చింది. బ్రెయిన్ డెత్ అయిన 118 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటిలేటర్ నుంచి ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి తగ్గించారు, శ్వాస వదిలాక లోపల మిగిలే పీడనం పెంచారు, సొంతంగా శ్వాస తీసుకుంటారేమో చూసే ఆప్నియా పరీక్షప్పుడు కూడా ఆ పీడనం పోకుండా చూశారు. మామూలు పద్ధతిలో ఉంచినవారిలో నూటికి 27 మంది ఊపిరితిత్తులు మార్పిడికి పోతే, ఈ గుంపులో 54 మందివి పోయాయి. రెట్టింపు! కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఉన్న వెంటిలేటర్ మీటలు సరిగ్గా తిప్పడం, అంతే. దీనికి తోడు మంచం తలవైపు ఎత్తి ఉంచడం, గొంతులో చేరినది ఎప్పటికప్పుడు తీయడం ఏ ఐసీయూలోనైనా చేయగలిగేవే.

ఉత్తరాంధ్రకు ఇది దూరపు ముచ్చట కాదు. 2023లో శ్రీకాకుళం పక్కనున్న రాగోలు జెమ్స్ ఆస్పత్రి నుంచి గ్రీన్ ఛానల్ మీద గుండె బయలుదేరి విశాఖ మీదుగా తిరుపతి పద్మావతి హృదయాలయానికి చేరింది. కన్నబిడ్డను పోగొట్టుకున్న గంటల్లోనే ఒప్పుకొన్న కుటుంబాలు ఈ జిల్లాలో ఉన్నాయి. 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెత్ నిర్ధారించాలి. ఆ తర్వాతే రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా అవయవాల కేటాయింపు. ఊపిరితిత్తి చెడిపోయేదీ నిలబడేదీ ఈ మధ్య గంటల్లోనే. తీసి చల్లటి ద్రావణంలో పెట్టాక సుమారు ఆరు గంటల్లో కొత్త ఛాతీలో రక్తం అందుకోవాలి. శ్రీకాకుళం నుంచి విశాఖకు నూటపది కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు గంట పైచిలుకు విమానం. సాధ్యమే. భోగాపురం విమానాశ్రయంతో రోడ్డు దూరం దాదాపు సగానికి తగ్గుతుంది.

అందుకే ఈ రెండు జిల్లాలకు కావలసింది మార్పిడి థియేటర్ కాదు. అది హైదరాబాద్‌లో, చెన్నైలో ఉంటే చాలు. తరచుగా చేసే చోటే చెయ్యి తిరుగుతుంది. ఇక్కడి ఐసీయూల్లో దాత ఊపిరితిత్తిని చూసుకునే పద్ధతి గోడ మీద రాసి ఉండాలి, రాత్రి డ్యూటీ నర్సుకు అది కంఠతా రావాలి.

రోగి వైపు కూడా అంతే పని ఉంది. మంచం దిగలేని స్థితిలో పంపితే మార్పిడి బృందం చేయగలిగింది తక్కువ. నడవగలిగినప్పుడే పంపాలి. పేరు నమోదు కావాలంటే కనీసం ఆరు నెలల ముందే చుట్ట, బీడీ మానేసి ఉండాలి. ఆపరేషన్‌కు లక్షల్లో ఖర్చు, ఆ తర్వాత జీవితాంతం తిరస్కరణను అడ్డుకునే టాక్రోలిమస్ వంటి మందులు. ప్రతి శ్వాసతో బయటి గాలి తగిలే అవయవం కాబట్టి ఇన్‌ఫెక్షన్ భయం, తిరస్కరణ భయం ఎప్పుడూ ఉంటాయి. మార్పిడి తర్వాత సగంమంది ఆరేడేళ్లు దాటుతారు. ఈ లెక్క దాచకుండా చెప్పాలి. చెప్పే బాధ్యత మొదట విశాఖ పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రిలోనో, శ్రీకాకుళం, విజయనగరం సర్వజన ఆస్పత్రుల్లోనో ఎక్స్‌రే చేతపట్టుకుని కూర్చున్న డాక్టరుది. ఆ ఓపీ గదిలో, ఇంకా నడిచి వచ్చిన రోగితో, ఇంటివాళ్లు పక్కనుండగా.