పేరు రాయని గోడలు

కొలోన్‌లో కొలుంబా మ్యూజియం చూడ్డానికి వెళ్లినప్పుడు నేను చేసిన మొదటి పని బొమ్మ పక్కన చీటీ కోసం వెతకడం. లేదు. పక్క బొమ్మకీ లేదు. చిత్రకారుడెవరో, ఏ కాలం వాడో ఏ గోడమీదా రాసిలేదు. కావాలంటే చేతికిచ్చిన చిన్న పుస్తకంలో చూసుకోవాలి. ముందు బొమ్మ చూడండి, పేరు సంగతి తర్వాత అన్నది వాళ్ల పద్ధతి. పన్నెండో శతాబ్దపు దంతపు క్రీస్తుకీ నిన్న మొన్నటి కళాఖండానికీ ఒకటే మర్యాద. మొదటి గంట నాకు చాలా హాయిగా అనిపించింది. పేరు చూసి మెచ్చుకునే అలవాటు మనకి ఎంతగా ఉందో అప్పుడే తెలిసింది.

కొలోన్ కేథలిక్ ఆర్చిడయోసిస్ నడిపే మ్యూజియం ఇది. సంస్థ 1853 నాటిదైనా ఈ భవనం తెరిచింది 2007లో. యుద్ధంలో కూలిపోయిన సెయింట్ కొలుంబా చర్చి మొండిగోడల మీదే లేత బూడిదరంగు ఇటుకలు పేర్చి పైకి లేపాడు పీటర్ జుమ్‌థోర్. కొలుంబా ఒక యువతి, మతం కోసం ప్రాణమిచ్చిన మనిషి. చెరసాలలో ఆమెమీద అత్యాచారం చెయ్యబోయినవాణ్ణి ఎలుగుబంటి అడ్డుకుందని కథ. (మనుషులెవరూ రాలేదు కాబోలు.) చర్చి కూలినా మేరీమాత విగ్రహం ఒకటి మిగిలింది. దానికోసం గాట్‌ఫ్రీడ్ బ్యోమ్ కట్టిన చిన్న ప్రార్థనామందిరం కూడా ఇప్పుడీ గోడల మధ్యే ఉంది. స్త్రీ మూర్తులకి ఇక్కడ కొదవలేదు. కానీ ఆ మతవ్యవస్థలో ఒక్క స్త్రీకీ ఈనాటికీ ప్రీస్టు అయ్యే హక్కు లేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ష్టెఫాన్ లోక్‌నర్ పదిహేనో శతాబ్దపు మధ్యలో వేసిన మేరీమాత. నిలువెత్తుకి మించిన బొమ్మ. చేతిలో చిన్న వయొలెట్ పువ్వు. కింద మూలగా, దాదాపు బొమ్మపిల్లంత సైజులో, మోకరిల్లిన ఒక స్త్రీ. ఆ చిత్రం వేయించినది ఆవిడే, ఎలిజబెత్ ఫాన్ రైషెన్‌స్టైన్ అనే సన్యాసిని. పెద్దింటి ఆడపడుచు గనక ఆమె ఎవరో చెప్పడానికి వంశచిహ్నం ఉంది. అది లేకపోతే ఆమె ఎవరో ఒక భక్తురాలిగా మిగిలిపోయేది.

ఇక లోక్‌నర్ మాటేమిటి? ఆయన పేరు మనదాకా రావడానికి ఒక డైరీలోని వాక్యం ఆధారం. 1520లో కొలోన్ వచ్చిన డ్యూరర్, ష్టెఫాన్ అనే ఉస్తాదు వేసిన చిత్రఫలకాన్ని తెరిపించి చూడ్డానికి కాస్త పైకం ఇచ్చానని రాసుకున్నాడు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత పండితులు ఆ పేరుని పట్టుకుని బొమ్మల్ని వెతికారు. అంతమంది కష్టపడి ఖాయంచేసిన పేరుని గోడమీదనుంచి తీసేసినా దానికొచ్చిన నష్టమేమీ లేదు. అది పుస్తకాల్లో, విశ్వవిద్యాలయాల్లో భద్రంగా ఉంది. నా హాయి అక్కడ చెదిరింది. పేరు వదులుకోవడం పేరున్నవాళ్లు చెయ్యగల పని.

మాది రాజమండ్రి. నాకు తెలిసిన మొదటి బొమ్మల ఇల్లు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. 1897లో పుట్టి, కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చదువుకుని, ఊళ్లో చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచితో ఇరవయ్యెనిమిదేళ్లయినా నిండకుండా పోయాడాయన. 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం' చిత్రాల్లోని ఆ రేఖ నాజూకుతనం నాకూ ఇష్టమే. అలంకరించుకునే స్త్రీలూ, కానుకలందుకునే స్త్రీలూ ఆ బొమ్మల నిండా ఉన్నారు. అదే ఇంట్లో కుంచె పట్టిన స్త్రీలు కూడా ఉన్నారు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ. ఇద్దరూ చిత్రకారిణులే.

చూడండి, నేనూ 'భార్య', 'సోదరి' అనకుండా వాళ్లని పరిచయం చెయ్యలేకపోయాను. రామారావుగారి గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ వాళ్లకి దక్కేది ఆ ఒక్క వాక్యమే. ఏ రంగులు వాడేవారు, వంటింటి పనయ్యాక ఏ వేళ బొమ్మ వేసేవారు, ఆయన పోయాక సత్యవాణి కుంచెతో ఏం చేసింది అన్న ప్రశ్నలు విమర్శకులకి ప్రశ్నల్లాగే తోచలేదు. వాళ్ల బొమ్మల్ని ఆయన శైలికి నీడలుగా తప్ప విడిగా నిలబెట్టి చూసిన విమర్శ నేను చదవలేదు. కళాచరిత్రలో కుటుంబ చట్రం పనిచేసే తీరు ఇది. స్త్రీని చేర్చుకుంటుంది, బంధువుగా.

కొలుంబా పద్ధతి మన గ్యాలరీలకి తెస్తే ఎంత బావుంటుందో అని అక్కడ నాతో ఉన్న ఒక కళా విద్యార్థిని ఉత్సాహపడింది. వద్దమ్మా అన్నాను. చీటీ తీసేస్తే రామారావు మిగులుతాడు, బుచ్చికృష్ణమ్మ మిగలదు. మనకి ఇంకా చీటీలు కావాలి, పెద్ద అక్షరాలతో, బంధుత్వాలు రాయకుండా.

లోక్‌నర్‌కి డ్యూరర్ డైరీలో ఒక్క వాక్యం దొరికింది. సత్యవాణి గురించి అలాంటి వాక్యం రాజమండ్రిలో ఎవరింటి ట్రంకుపెట్టెలోనో, ఏ పాత ఉత్తరంలోనో ఉండవచ్చు. ఈ సెలవల్లో మా వీధి పెద్దవాళ్లని అడగడం మొదలుపెడుతున్నాను.