‘కాఫిర్’ అంటే నాస్తికుడేనా?

మన తెలుగు రచనల్లో అక్కడక్కడ ‘కాఫిర్’ పదానికి ‘నాస్తికుడు’ అని అర్థం వ్రాయడం కనిపిస్తుంది. ఇది పొరపాటు. ‘అల్ కాఫిరూన్’ సూరా సంబోధించిన మక్కా ఖురైషులు నాస్తికులు కారు. భూమ్యాకాశాలను సృష్టించినవాడు అల్లాహ్‌యేనని వారు ఒప్పుకునేవారని దివ్యఖుర్ఆన్ (29:61) తెలుపుతున్నది. వారి దోషం షిర్క్. పైగా ‘కఫర’ ధాతువుకు మూలార్థం కప్పివేయడం. ఎరిగిన సత్యాన్ని మరుగుపరచాడన్న అభియోగం ఆ మాటలో ధ్వనిస్తుంది.

కాలమే తమను నశింపజేస్తుందన్నవారి ప్రస్తావన వేరుగా జాసియా సూరాలో (45:24) ఉన్నది. అటువంటివారికే తరువాత ‘దహ్రియా’ అనే పేరు వచ్చింది. అక్కడ ఖుర్ఆన్ వారి వాదాన్ని ముందు వినిపించి, అది జ్ఞానం కాదు, ఊహ మాత్రమేనని బదులిచ్చింది. అల్లాహ్ దినాలను ఆశించనివారిని క్షమించమని విశ్వాసులకు బోధించినదీ ఆ సూరాయే (45:14). ఆ ఆదేశం తరువాత రద్దయిందన్న ముఫస్సిర్లు లేకపోలేదు. అయినా ఆ బోధలోని మర్యాద మనకు అవసరమే.

తెలుగునాట ‘నాస్తికుడు’ కేవలం తిట్టు కాదు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరాగారు ఆ పేరును తామే కోరి ధరించారు. ఒకరు తనకై ఎంచుకున్న పేరుతో అతణ్ణి పిలిచి, అతని వాదాన్ని ఖండించవచ్చు. అతని హృదయంలో ఏమి దాచాడో నిర్ణయించడం మాత్రం అనువాదకుని పని కాదు. అది అల్లాహ్‌కే తెలుసు.