పేటగోష్ఠులకు నవలల యెన్నిక

నవల నొంటిగాఁ జదువుటకై యెన్నుకొనుట వేఱు. పదిమంది కూడి చర్చించుటకై యెన్నుకొనుట వేఱు. పేటలయందు నెలకొక తూరి కూడుకొను పఠనగోష్ఠులు ఈ భేదమును గమనింపకపోవుటచేతనే తఱచుగా మూఁడవ నెలకో నాలవ నెలకో చల్లాఱిపోవుచుండును.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల విషయమున దీనికిఁ బుస్తకముల కొఱఁత కారణమని చెప్పుట తగదు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగారసంఘ మేర్పడిన నాఁటినుండియు గ్రంథాలయోద్యమము వేళ్లు పాఱిన ప్రదేశ మిది. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము బాపట్లకు సమీపముననే కలదు. తెనాలి కూడలినుండి రెండూళ్లకును రైలు కలదు గనుక పది ప్రతులు కొన్నచో మూఁడూళ్ల గోష్ఠులును వంతులవారిగాఁ ద్రిప్పుకొనవచ్చును. కొఱఁత ప్రతులది కాదు, ఎన్నికది.

కూడి చదువుట యాంధ్రులకుఁ గ్రొత్త కాదు. దేవాలయ మండపమున భారత భాగవతములు చదువుచుండఁగా ఊరు వినెడిది. అచ్చట నొకఁడు చదివి యర్థము చెప్పును. తక్కినవారు తల లూఁపుదురు. శ్రోతలకుఁ గథయు ముందే తెలియును, తీర్పును ముందే తెలియును. దుర్యోధనుని పక్షమున వాదించుటకై పురాణమునకు వచ్చువాఁడు లేఁడు. పేటగోష్ఠులు నవలనుగూడ నీ పురాణపద్ధతినే యెన్నుకొనుచుండును: అందఱకును గౌరవపాత్రమై, ఎవ్వరికిని నొప్పి గలిగింపనిది కావలెను. అట్టి నవలను గుఱించిన ప్రశంస యిరువది నిమిషములలో ముగియును. పిదప ఫలహారములే మిగులును.

వివాదము కొఱకే వివాదాస్పదమైన నవలను దెచ్చువారును గలరు. అదియు నిష్ఫలమే. కులమును బట్టియో పక్షమును బట్టియో సభ్యులు ముందుగాఁ దీర్మానించుకొనివచ్చిన యభిప్రాయములను బుస్తకము తెఱవకయే చెప్పుకొనవచ్చును. ఏ తగవును దీర్చుకొనుటకు మఱల పుటలు తిరుగవేయవలసి వచ్చునో, అట్టి తగవును బుట్టించు నవలయే గోష్ఠికిఁ దగినది.

ఈ దృష్టితోఁ జూచినచో ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ మొదటి నెలకుఁ దగదు. 1922లో వెలువడిన యా నవలను మద్రాసు ప్రభుత్వము రెండు మాఱులు నిషేధించుటయు, 1937లోఁ గాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట నిషేధము తొలఁగుటయుఁ జెప్పుకొనుటతోనే సగము కాలము గడచిపోవును. గ్రంథమా పెద్దది, తుదివఱకుఁ జదివివచ్చువారు కొలఁది. సంగదాసును గుఱించి వాదమే లేదు. అతని మరణమునకుఁ గన్నీరు విడువనివారుండరు. కాని తగవంతయు రామదాసు శాంతమునకును, అతని కొడుకు వెంకటదాసు తిరుగుబాటునకును నడుమ నున్నది. గ్రంథకర్త తండ్రికిఁ దత్త్వము నిచ్చెను. కొడుకునకు న్యాయమైన కోపము నిచ్చెను. ఏది పైచేయి యనుట పాఠకునకు వదలెను. రెండు నెలలు కేటాయించి యీ భాగములనే చదివినచో చర్చ నడచును. అయినను ఒకటి చెప్పక తప్పదు: ఏ వాడవారి కథ చర్చింపఁబడుచున్నదో ఆ వాడవా రొక్కరైన లేని గోష్ఠి, ఆ నవలపై నెంత గొప్ప ప్రసంగములు చేసినను, పురాణశ్రవణమునకు మించినది కాఁజాలదు. అట్టిచోఁ బుస్తకముకంటె ముందుగా సభ్యుల యెన్నికను సవరించుకొనవలెను.

త్రిపురనేని గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ చిన్నది. ఒక నెలకుఁ జాలును. వంశప్రతిష్ఠ కొఱకుఁ బిత్రార్జితమును వెదచల్లి తుదకు శ్మశానము చేరు సీతారామారావు అసమర్థుఁడని పుస్తకపు టట్టయే తీర్పు చెప్పుచున్నది. ఆ తీర్పు గ్రంథకర్తదా, లోకముదా, సీతారామారావు తన్నుఁ గుఱించి తాను చెప్పుకొన్నదా యని యడిగిన తోడనే పుటలు తెఱవవలసివచ్చును. తెనాలివారు మాత్రము రచయిత తండ్రియైన కవిరాజు ప్రసక్తి తెచ్చి దారి తప్పు ప్రమాదము కలదు. కొడవటిగంటి కుటుంబరావుగారి ‘చదువు’ దీనికి భిన్నము. అది చదివిన సభ్యులు తమ తమ బడిముచ్చటలు చెప్పుకొందురు. ఆ సాయంకాలము హాయిగా గడచును. సుందరము మాట యెవ్వరికిని గుర్తుండదు. తెనాలిలోఁ బుట్టిన రచయిత గ్రంథమగుట యొక్కటే యెన్నికకుఁ జాలిన కారణము కాదు.

ఈ ప్రాంతపు గోష్ఠులకు మిక్కిలి తగినది చేబ్రోలులో జన్మించిన వాసిరెడ్డి సీతాదేవిగారి ‘మట్టిమనిషి’. తండ్రి పాలేరు, కొడుకు సాంబయ్య మట్టిని నమ్మి యెకరము వెంబడి యెకరము గూర్చెను, కోడలు వరూధిని పట్టణవాసమునకు మగని లాగుకొనిపోఁగా ఆ భూమి కరఁగిపోయెను. ఇంతవఱకుఁ జెప్పినచో గోష్ఠిలోని పెద్దలు తప్పంతయుఁ గోడలిదే యందురు. అప్పు డెవ్వరైన నొక యిల్లాలు, ఆ సంబంధమును గుదిర్చిన దెవ్వ రని యడిగినఁ జాలును. తన తండ్రి కొలువు చేసిన యింటి పిల్లను గోడలిగాఁ దెచ్చుకొనవలె నని పంతము పట్టినది సాంబయ్యయే కదా! ఆ పంతములోనే పతనపు విత్తనము కలదా? వరూధినికి మట్టిపైఁ బ్రేమ కలుగుటకు ఆ యింట నెవ్వరైనఁ దావిచ్చిరా? పొలము లమ్మి పట్టణము చేరినవారును, పట్టణమునుండి పొలమును గౌలున కిచ్చువారును గల యీ సీమలో నీ ప్రశ్న పుస్తకమును దాఁటి సభ్యుల యిండ్లలోనికిఁ బోవును. కాని సమాధానము వెదకుటకు మాత్రము పుస్తకమునకే రావలెను. అదియే దీని గొప్పతనము.

అనువాదములను దెచ్చుట మంచిదే. తెనాలివాఁడగు చక్రపాణి తెలిఁగించిన శరత్తు నవలలను జదివి శరత్తు తెలుఁగువాఁడే యని భ్రమించినవారు నాఁడు పలువురు. అయితే పొరుగింటి పుల్లకూర రుచి యనునట్లు, పొరుగు సంఘపు దోషములను విమర్శించుట సులభము. ఆ సౌలభ్యమును గోష్ఠి యలవాటు చేసికొనరాదు.

ఇంక శారద. అసలు పేరు నటరాజను. బాల్యమున నఱవదేశమునుండి తెనాలికి వచ్చి, హోటళ్లలోఁ బని చేయుచుఁ దెలుఁగు నేర్చి, ‘మంచీ-చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ అను నవలలు వ్రాసి 1955లో చిన్నవయసుననే మరణించెను. ఆ జీవిత మెంత కదలించునదో, చర్చ కంత యాటంకము. జాలి మొదలైన చోట విమర్శ యాఁగిపోవును. కాఫీ యందించిన చేతులు కలము పట్టెనని మెచ్చుకొని, ఆ కలము వ్రాసిన దేమో చూడకయే యిండ్లకుఁ బోవుదురు. నవలాకారునిఁగా నతనిఁ జదువఁదలఁచినచో రచయిత పే రెత్తకుండ ముందుగా ఒక గంట నవలనే చర్చించి, అతని వృత్తాంతమును జివరి పావుగంటకు వాయిదా వేయవలెను.